అక్క ఇచ్చిన ఆటలమ్మ

మా అమ్మమ్మ దగ్గర వాళ్ల అక్క గుర్తు ఒక్కటీ లేదు. ఫొటో లేదు, చీర పేలిక లేదు, గాజుముక్క లేదు. డోర్నకల్‌కు కాపురానికి వెళ్లి తొలి కాన్పులోనే పోయిన మనిషి. అక్కడి నుంచి ఏదీ తిరిగి రాలేదు. నాకు ఊహ తెలిసేనాటికి అమ్మమ్మ మనసులోంచి ఆ అక్క ముఖం కూడా చెరిగిపోయింది.

“జడ యాదికున్నది, నడక యాదికున్నది. మొఖమే వస్తలేదు బిడ్డా,” అనేది. బియ్యం ఏరుతూ ఏరుతూ ఆగిపోయి గోడవైపు చూస్తే, ఆ ముఖాన్నే వెతుకుతోందని నాకు తెలిసేది.

ఎనభైల మొదట్లో మేమిద్దరం ఖిలా వరంగల్‌లో ఉండేవాళ్లం. అమ్మా నాయినా రఘునాథపల్లిలో వ్యవసాయం చూసుకునేవారు. నేను ఏడో తరగతితో బడి మాని జాకెట్లు కుట్టేదాన్ని. చదువు మాత్రం మానలేదు. వీలు చిక్కితే బస్సెక్కి హనుమకొండ గ్రంథాలయానికి పోయేదాన్ని. ఆరోగ్యం, నక్షత్రాలు, రైలింజన్లు, ఏది దొరికితే అది. చదివిన చోట గుర్తుకు కొలత టేపు పెట్టుకునేదాన్ని. లైబ్రేరియన్ సారు తాళం వేసి ఉంచే అద్దాల బీరువాను నాకోసం తెరిచేవారు. ఆ సంగతి ఎవరూ అడగకపోయినా ఇప్పటికీ చెబుతుంటాను.

ఒక ఎండాకాలం అమ్మమ్మకు నడుము ఎడమవైపు మంట మొదలైంది. రెండు మూడు రోజులకు నీటిపొక్కులు గుత్తులుగా లేచి, వెన్ను నుంచి బొడ్డువైపు పట్టీలా సాగాయి. వేడి చేసిందనుకుని నేనే కొబ్బరినూనె రాశాను. పక్కింటి కిరాణా దుకాణం ఆమె చూసి నోటిమీద చెయ్యి పెట్టుకుంది.

“వదినే, ఇది సర్పి. పామసుంటిది. సుట్టు తిరిగి తల, తోక కలిసిందంటే పాణం నిలువది. కుమ్మరాయనను పిలిపిస్త. ఎర్రమన్ను జాజు కలిపి పాము బొమ్మ గీస్తడు.”

అమ్మమ్మ అంత మంటలోనూ లేచి కూర్చుంది. “నా ఒంటిమీద పాము బొమ్మనా? పాముతోని మాకు ఏదెను తోట కాంచి పంచాయితే. ఐతారం నాడు చర్చిల అయ్యగారికి ఏమని జెప్పాలె?”

“అయ్యగారు నీ నడుము చూస్తడా ఏంది?”

ఇద్దరూ నవ్వారు. నవ్వితే ఇంకా మండి అమ్మమ్మ ఆమెనే తిట్టింది.

మర్నాడు దవాఖానకు తీసుకుపోయాను. అక్కడ చిన్న వయసు డాక్టరమ్మ ఒకామె పెద్దవాళ్లకు వచ్చే సర్పి మీద పరిశోధన చేస్తోంది. పొక్కులు మానిపోయినా కొందరు ముసలివాళ్లలో నొప్పి నెలల తరబడి ఎందుకు ఉండిపోతుందో తెలుసుకోవాలని ఆమె పట్టుదల. కొత్తగా లేచిన పొక్కును చిదిపి, దాని అడుగున బ్లేడు అంచుతో మెల్లగా గీకి, ఆ తడిని గాజు పలక మీద పూసింది.

“రంగేసి చూస్త. మీరు అన్నం తినేలోపు చెప్త,” అంది.

తెలిసింది దాచుకోలేని వయసు నాది. “మేడం, వైరస్ మామూలు మైక్రోస్కోపుల కనబడదు కదా?” అన్నాను.

ఆమె నన్నూ నా మెడలోని కొలత టేపునూ చూసింది. “ఏం చదివినవ్?”

“లైబ్రరీల చదివిన.”

“నిజమే, కనబడదు. దొంగ కనబడడు గని, దొంగ పడ్డ ఇల్లు కనబడ్తది. రా, చూడు.”

ఒక కన్ను మూసి చూశాను. అంతా నీలం. విడివిడిగా ఉండాల్సిన కణాలు అక్కడక్కడా నాలుగైదు కలిసిపోయి ఒకే పెద్ద ముద్దలా ఉన్నాయి. ఆ ముద్దలే గుర్తట. మేము టిఫిన్ డబ్బా మూత తియ్యకముందే జబ్బేదో తేలిపోయింది. బీరువాలోని పుస్తకాల్లో ఇంత త్వరగా ఏదీ తేలినట్టు నేను చదవలేదు.

డాక్టరమ్మ అమ్మమ్మ పక్కన కూర్చుంది. “అమ్మా, చిన్నప్పుడు నీకు ఆటలమ్మ పోసిందా?”

“పోయకేం? పాలపండ్లు ఊడేనాడు. ముందుగాల మా అక్కకు పోసింది. కొట్టంల వేపాకు మీద పండుకోబెట్టి నన్ను దగ్గరికి పోనియ్యలే. అక్క పక్కల లేకుంటె నాకు నిద్ర రాకపోయేది. దొంగతనంగ పోయి ఆమె చెద్దర్ల దూరిన. ఆమె కంచంలనే తిన్న. మా అవ్వ చీపురు తిరగేసి కొట్టింది.” అమ్మమ్మ గెలిచినట్టు నవ్వింది. “నాకు గూడ పోసింది. ఇగ ఇద్దర్ని ఒక్కకాడనే పండుకోబెట్టిన్రు.”

“గదే ఇది. అప్పటి ఆటలమ్మ పోలేదు. నీ నరంల పండుకొని ఉన్నది. వయసు మీద పడి బలం తగ్గంగనే లేచింది.”

అమ్మమ్మ కొంగు సర్దుకోవడం ఆపేసింది. “కొత్తగ అంటింది కాదా?”

“కాదు.”

“మా అక్క కాడ అంటిందేనా?”

“అవునమ్మా, అదే.”

అమ్మమ్మ నావైపు తిరిగింది. డాక్టర్లకన్నా నా లైబ్రరీ మీద ఆమెకు నమ్మకం ఎక్కువ. పుస్తకంలోనూ అట్లాగే ఉందన్నట్టు తల ఊపాను.

“మరి మందు పెడితే పోతదా?” ఆ గొంతులో భయానికి డాక్టరమ్మ తికమకపడింది.

“పొక్కులు మానుతయి. అది మాత్రం పోదు. మల్ల పండుకుంటది.”

“పండుకోనియ్యి,” అంది అమ్మమ్మ.

బస్సులో దారి పొడవునా ఆమె నడుము మీద చెయ్యి వేసుకునే కూర్చుంది.

ఆటలమ్మ పోయనివాళ్లు ఆ పొక్కులు ముట్టుకోవద్దని డాక్టరమ్మ చెప్పింది కానీ, చిన్నప్పుడు అది పోయని నేను నూనె రాయడం అప్పటికే అయిపోయింది. ఒకటి రెండు వారాలు గడిచాక నాకు జ్వరం వచ్చింది. తెల్లారేసరికి ముఖం నిండా పొక్కులు. అమ్మమ్మ పోపు వాసన రానివ్వకుండా వండింది, యేసయ్యను తలుచుకుంటూనే నా కింద వేపాకు పరిచింది. గంజి తాగిద్దామని గిన్నె నోటిదాకా తెచ్చి అట్లాగే ఆగిపోయింది.

“ఏందే అమ్మమ్మా?”

“కదలకు.”

నా గడ్డం పట్టుకుని ముఖాన్ని వెలుతురు వైపు తిప్పింది. “ముక్కు మీద గిట్లనే రెండు లేచినయి. కండ్లు గిట్లనే వాచినయి. గోకొద్దంటె గిట్లనే మూతి ముడిచేది. వచ్చిందే బిడ్డా... మా అక్క మొఖం వచ్చింది.”

గంజి చల్లారిపోయింది. ఆమె నన్ను చూస్తూనే ఉంది. నన్ను కాదని తెలిసి, నేను కదలకుండా పడుకున్నాను.

ఆమె నొప్పి త్వరగా తగ్గలేదు. చూపించుకోవడానికి పోయినప్పుడల్లా డాక్టరమ్మ “రూపాయిల ఎన్నణాలు ఉన్నదమ్మా?” అని అడిగేది. పన్నెండణాలు ఎనిమిదైంది, ఎనిమిది నాలుగైంది. ఇక పూర్తిగా పోతుంది, ఫికర్ చెయ్యకు అని డాక్టరమ్మ సంతోషంగా అన్నరోజు అమ్మమ్మ చెయ్యి మళ్లీ నడుము మీదికే పోయింది.

“ఒక్క అణ ఉండనియ్యి బిడ్డా.”

ఇప్పుడు నాకు అరవై దాటాయి. అమ్మమ్మ ఫొటో ఒకటి నా దగ్గర ఉంది. కానీ ఆమె గొంతు పోతోంది. “బిడ్డా” అనేటప్పుడు ఎక్కడ సాగదీసేదో కుట్టుమిషన్ ముందు కూర్చుని వెతుకుతుంటాను, ఒక్కోసారి దారం తెగినా చూసుకోను.

పెద్దవాళ్లకు సర్పి రాకుండా టీకా వచ్చిందని మొన్న తెలిసింది. ముందు లైబ్రరీకి పోయాను. అది లోపల పండుకున్నదాన్ని చంపదు, లేవకుండా చూస్తుందంతే అని చదివి, మరోసారి చదివి రూఢి చేసుకున్నాకే దవాఖాన మెట్లెక్కాను.

“ఆటలమ్మ పోసిందా అమ్మా మీకు?” అడిగింది నర్సు.

“పోసింది.”

ఎవరి దగ్గర అంటిందని అడుగుతుందేమోనని ఆమె ముఖంలోకి చూశాను. అడగలేదు. సూది వేసి, దూది అదిమిపట్టుకోమంది.