అందరికీ గారు

అమెరికాలో, అరోరాలోని మా ఇంటికి మొదటి కంప్యూటర్ వచ్చిన ఏడాదే ఉగాది భోజనాల బాధ్యత నా మీద పడింది. చుట్టుపక్కల తెలుగువాళ్ళమంతా ఏటా ఒక స్కూల్ హాల్లో కలిసేవాళ్ళం. పిల్లాజెల్లాతో సహా వచ్చిన ప్రతి ఒక్కరికీ పేరు రాసిన చీటీ పిన్నుతో పెట్టాలి. అంతకుముందు ఏడాది చీటీలు చేత్తో రాసినావిడ ఇద్దరు పెద్దవాళ్ళ పేర్ల పక్కన గారు మరిచిపోయింది. ఆ సంగతి దీపావళి దాకా చెప్పుకున్నారు. నేనూ అలా నలుగురి నోళ్ళలో నానకూడదని, చీటీలన్నీ కంప్యూటర్‌లో కొడతానని పట్టుబట్టాను.

మూడు సాయంత్రాలు కూర్చుని టైప్ చేశాను. ఇంగ్లీష్ అక్షరాల్లోనే, కానీ ఇంటిపేరుతో సహా నిండు పేరు, పెద్దవాళ్ళకి చివర గారు. ఇంకా పదకొండు పేర్లుండగా తెర మీద అవుట్ ఆఫ్ మెమరీ అని పడింది. మళ్ళీ కొట్టాను. మళ్ళీ అదే. నాకు ఒళ్ళు మండింది. సగం బల్ల ఆక్రమించిన పెట్టెకి నూట యాభై మందిని గుర్తుపెట్టుకోవడం చేతకాదా? మా అమ్మ ఏ పెళ్ళికి ఎవరు ఏ చీర కట్టుకొచ్చారో కూడా చెప్పేది.

మావారు వచ్చి చూశారు. ఇంజనీరు కదా, ఇలాంటివంటే ఆయనకి పండగ.

“ప్రతి అక్షరం మెమరీ తింటుంది. ఇంటిపేర్లు డిలీట్ చేసేయ్.”

“చేస్తే ఒకే పేరున్న నలుగురిలో ఎవరు ఎవరో ఎలా తెలుస్తుందండీ?”

“అయితే ఈ గారులు తీసేద్దాం.”

“ముందు నన్ను తీసేయండి!”

ఆయన నవ్వారు. “ఉండు, నేను ఫిక్స్ చేస్తా. నువ్వెళ్ళి పులిహోర సంగతి చూడు.”

ప్రతి పేరుకీ గారు దాచకుండా, ఒక్కచోటే పెట్టి, ప్రింట్ చేసేటప్పుడు పేర్ల పక్కన తగిలేలా రాశారట. మిగిలిన పదకొండు పేర్లూ హాయిగా పట్టేశాయి. లోపల ప్రింటర్ చప్పుడు వింటూ, పోపు పెడుతూ మురిసిపోయాను. చీటీలు చూసుకునే తీరిక మాత్రం దొరకలేదు.

హాల్లో పంచుతుంటే అప్పుడు చూశాను. మూడో చీటీ అయిదేళ్ళ పిల్లది. పేరు పక్కన గారు! తర్వాతది ఒళ్ళో పాలు తాగుతున్న పసివాడిది. వాడూ గారే. మావారు పిల్లల సంగతే మరిచిపోయారు. సరిగ్గా అప్పుడే పెద్ద డాక్టర్ గారు లోపలికొచ్చారు. మా ఊరి తెలుగువాళ్ళలో అందరికంటే ముందు అమెరికా వచ్చిన మనిషి, మర్యాద దగ్గర మహా పట్టింపు. కిందటేడు గారు పోగొట్టుకున్న ఇద్దరిలో ఆయనొకరు. తన చీటీ చూసుకున్నారు. పక్కనే ఉన్న మా ఆరేళ్ళ అమ్మాయి చీటీ చూశారు.

ఆయన మెల్లగా వంగి దానికి చేతులు జోడించారు.

“నమస్కారమండీ. తమరు పచ్చడి పుచ్చుకున్నారా?”

ఇంట్లో ఎంత బతిమాలినా “నో మమ్మీ” తప్ప తెలుగు ముక్క పలకని పిల్ల. ఆయన్ని ఎగాదిగా చూసి, మెడ నిటారుగా పెట్టింది.

“తిన్నానండి. చేదు. మీరు?”

డాక్టర్ గారు పగలబడి నవ్వారు. నాకైతే ఆనందంతో కళ్ళు చెమర్చాయి. ఆ మధ్యాహ్నమంతా హాల్లో అదే వరస. పెద్దలు పిల్లల్ని ఏమండీ అనడం, పిల్లలు ఎగబడి తెలుగులో జవాబివ్వడం.

మరుసటేడు మావారు మెమరీ పెంచే కార్డు తెచ్చారు. “ఇప్పుడు బోలెడు చోటుంది, పిల్లలకి గారు రాకుండా చేసేస్తా,” అన్నారు.

కీబోర్డ్ మీద చెయ్యి పడనివ్వలేదు.