మెడ తిరగని మనిషితో ఫుట్‌బాల్ మ్యాచ్‌కు

మహబూబ్‌నగర్‌లో ఊరి నడిబొడ్డునున్న స్టేడియానికి మా నల్లగొండ వైపు నుంచి ఫుట్‌బాల్ చూడ్డానికి వెళ్లేవాళ్లుంటే నా మాట వినండి. బస్టాండు దగ్గర ఆటో ఎక్కకండి, నడిచే పోవచ్చు. నీళ్ల సీసా వెంట ఉంచుకోండి. లోపల నల్లా ఉంటుంది, నీళ్లుండవు. మెడ తిరగని మనిషి తోడుంటే మాత్రం నడిమి గ్యాలరీ దరిదాపులకు పోకండి, గోల్‌పోస్టు వెనక కూర్చోండి.

మా బాపు మెడ తిరగదు. మగ్గం నేసే మనిషి, పుట్టినప్పటి నుంచి మా ఊరి ఫ్లోరైడ్ నీళ్లే తాగాడు. అవి ముందు మోకాళ్లను, తర్వాత నడుమును, చివరికి మెడను పట్టేశాయి. రాష్ట్రం వచ్చాక ఇంటికి మంచినీళ్లొచ్చాయి. వచ్చి ఏం లాభం? బాపు అప్పటికే కట్టెలా బిగుసుకుపోయాడు.

చెల్లెలు జిల్లా జట్టుకు గోల్‌కీపర్. "ఒక్కపారన్న నా బిడ్డ ఆడంగ చూడాల్రా" అని బాపు పట్టుబడితే తీసుకెళ్లాను. బస్సు ఆలస్యమై, మేం చేరేసరికి ఆట మొదలైంది. గేటు దగ్గరి మనిషి బాపును చూసి జాలిపడ్డాడు. "గీడ నీడున్నది పెద్దాయనా, నడిమిట్లయితే మంచిగ కనవడ్తది" అని చేయి పట్టుకుని కూర్చోబెట్టాడు. పాపం, మంచికే చేశాడు.

చెల్లెలేమో కుడివైపు చివర, గోల్‌పోస్టు దగ్గర. బాపు కళ్లముందు వట్టి గడ్డి. ఓరకంటికి అంత దూరం అందదు. పక్కకు తిప్పి కూర్చోబెడితే ఆ సిమెంటు మెట్టు మీద నడుము నొప్పికి విలవిల్లాడాడు. లేపి అటు తీసుకెళ్దామంటే మెట్ల నిండా జనం. నాకు ఒళ్లు మండిపోయింది, ఎవరి మీదో కూడా తెలియదు.

"నువ్వు చెప్పురా, నేనింట" అన్నాడు బాపు. చెప్పాను. పట్టింది, తన్నింది, మళ్లీ పట్టింది. వింటూ మురిసిపోయాడు.

సగం ఆట కాకముందే జనమంతా ఒక్కసారి లేచి అరిచారు. బంతి మీదికి దూకిన చెల్లెలి మోకాలికి ఎదుటి పిల్ల బూటు బలంగా తగిలింది. నేనూ లేచి అటే చూస్తున్నాను.

"ఏమైందిరా? గోల్ అయిందా? చెప్పవేంరా?"

బయటికి పోయే దారి సరిగ్గా మా ఎదురుగానే ఉంది. మోకాలు పట్టుకుని ఏడుస్తున్న చెల్లెల్ని అటువైపే మోసుకొచ్చారు. బాపుకు మెడ తిప్పాల్సిన పని లేకపోయింది.

ఆ మోకాలు మళ్లీ ఆటకు పనికిరాలేదు. బాపు తన బిడ్డను మైదానంలో చూసింది అదొక్కసారే.