లాకు కింద తీసిన నీళ్ళు

నా పదవీ విరమణకు ఏడాదిన్నర ముందు, ఒక జూన్ నెలలో, విజయవాడలో నేను పనిచేసే నీటి పరీక్షా కేంద్రం నాకు కొత్త పని అప్పగించింది. అప్పుడు నేను సీనియర్ ఎనలిస్టుని. బ్యారేజీ దగ్గర్నుంచి ఉయ్యూరు దాకా కాలువ నీటిలో కార్బన్ డయాక్సైడ్ ఎంత కరిగి ఉందో, ఎంత గాలిలోకి పోతోందో తేల్చాలి. ఊరి మురుగూ, పొలాల ఎరువూ, కుళ్ళిన గుర్రపుడెక్కా నీటిలో చేరితే, వాటిని తినే సూక్ష్మజీవులు ఈ గ్యాస్‌ని వదులుతాయి. మోతాదు మించితే అది నీటిలో నిలవదు, పైకి పోతుంది.

నమూనాలు తీసే చోట్లు నేనే ఎంచాను. వాటిలో ముఖ్యమైనది ఒక లాకు. కాలువ మట్టాన్ని నిలబెట్టే తలుపుల్ని మా వైపు లాకులంటారు. నీళ్ళు అక్కడ పైనుంచి కిందికి దూకుతాయి. లాకు కింద నీరు బాగా కలిసిపోతుంది కాబట్టి నమూనా అక్కడే తీయడం మాకు ముప్పై ఏళ్ళ అలవాటు. పైగా జీపు అక్కడిదాకా వెళ్తుంది, పక్కనే టీ కొట్టు. ఆర్నెల్లు నమూనాలు తీసి, కాలువ నుంచి చెప్పుకోదగ్గంత గ్యాస్ పోవడం లేదని రెండు రిపోర్టుల మీద సంతకం పెట్టాను.

తర్వాత ఫీల్డు పనికి సుభద్ర వచ్చింది. పెడన దగ్గర నేత కుటుంబం, కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ, ఆర్నెల్ల కాంట్రాక్టు. ఆమె తెచ్చిన సీసాల్లో అంకెలు నా అంకెలకి ఎక్కడా పొంతన లేకుండా పెరిగిపోయాయి. నాకు కుదురు తప్పింది. కుర్చీలోంచి లేవడం, గ్యాస్ కొలిచే మిషను దగ్గరికి నడవడం, అదే కాగితం మళ్ళీ చూడడం. ఆమెని అడగొచ్చు కదా అని ఇప్పుడు అనిపిస్తుంది. అప్పుడు అనిపించలేదు. సీసాలు ఎండలో వదిలేసిందని నాకు నేనే తీర్మానించుకున్నాను. ఆమె కాంట్రాక్టు పొడిగింపు ఫైలు నా బల్ల మీదే ఉంది. అందులో ‘నమూనా సేకరణలో నిర్లక్ష్యం’ అని రాసి డిప్యూటీ డైరెక్టరు గారికి పంపేశాను.

పంపాక కూడా మనసు నిలవలేదు. ఆమె తప్పుని అక్కడికక్కడే పట్టి చూపిద్దామని, ఆమెనే వెంటబెట్టుకుని లాకు దగ్గరికి వెళ్ళాను. నేను అలవాటుగా కిందికి దిగాను. ఆమె గట్టు మీదే ఆగింది.

“నేను ఎగువన తీస్తున్నానండి. ఇక్కడ దూకేటప్పుడే గ్యాస్ పోతది కదండీ, గోళీసోడా కొట్టినట్టు. సీసాతో పంపే చీటీలో రిమార్క్స్‌లో రాశానండి, ప్రతిసారీ.”

రిమార్క్స్ గడి మా కేంద్రంలో ఎవరూ చదవరు. నేనూ చదవలేదు. లాకు పైన రెండు సీసాలు, కింద రెండు సీసాలు నా చేత్తో నింపాను. మర్నాడు మిషను ఆమె చెప్పిందే చెప్పింది. నీళ్ళు గ్యాస్ వదిలేశాక నేను వాటిని పట్టుకొచ్చి, గ్యాస్ లేదని రాస్తూ వచ్చాను. సిగ్గేసింది. అంతకన్నా ఎక్కువగా భయమేసింది, ఎందుకంటే ఆ ఫైలు అప్పటికే పైకి వెళ్ళిపోయింది.

డిప్యూటీ డైరెక్టరు గారి దగ్గరికి వెళ్ళి జరిగింది చెప్పాను. ఆయన మంచివారే. రెండు రిపోర్టులూ హైదరాబాదు దాకా వెళ్ళాయనీ, దిగిపోయే ముందు నా పేరు నేనే పాడుచేసుకోవడం దేనికనీ అన్నారు. అమ్మాయిని మెల్లిగా ఇంకెక్కడైనా సర్దుదామన్నారు. నేను ఒప్పుకోలేదు. రిపోర్టులు రెండూ వాడరాదనీ, తప్పు నాదేననీ, సుభద్ర నమూనాలే సరైనవనీ నోట్ రాసి సంతకం పెట్టాను. ఆమె కాంట్రాక్టు పొడిగించారు.

ఆ సంగతి చెబితే ఆమె సంతోషించిందో లేదో తెలియలేదు. “నిర్లక్ష్యం అన్న ఆ మాట కొట్టేయడం కుదరదాండీ?” అంది.

కుదరదు. నోట్ షీటుకి పేజీ నంబరు ఉంటుంది. ఒకసారి పైఅధికారి చూశాక అందులో అక్షరం కొట్టకూడదు. దిద్దుబాటు ఏదైనా తర్వాతి పేజీలో కొత్తగా రాయాల్సిందే. నా తప్పొప్పుకోలు నాలుగు పేజీల తర్వాత పడింది.

మరుసటి ఏడాది కొత్త అధికారి వచ్చారు. ఫైలు తిరగేసి, ఆ నిర్లక్ష్యం సంగతేమిటని ఆమెనే అడిగారట. నేనప్పటికి దిగిపోయాను. నా రెండో నోట్ జిరాక్సు తీసుకుని సుభద్ర ఇప్పటికీ ప్రతి పొడిగింపుకీ వెళ్తుంది. నీటి అంకె తప్పయితే మళ్ళీ సీసా ముంచి సరిచేశాను. మనిషి మీద రాసిన మాటకి అలాంటి వీలు మా ఆఫీసులో లేదు. రాసేముందు ఆమెని ఒక్క మాట అడిగి ఉండాల్సింది.