ఉంగరాల గుడ్డకు మొదటి పుస్తకం

ఎమ్మిగనూరులో మా నడిమింటి నిండా మగ్గమే. ఎనభైల చివర్లో, ఆదోని కాలేజీలో చదివే మా అమ్మాయి ఒక పత్రిక ముక్క పట్టుకొచ్చింది. ఖాళీ చోటు ఖాళీ కాదట. కంటికి ఆనని ఉంగరాలు ఒకదాంట్లో ఒకటి తగిలించి అల్లిన గుడ్డలాంటిదట. వస్తువులు కింద పడే కారణం కూడా ఆ అల్లికలోనే ఉందేమోనని కొత్తగా వెతుకుతున్నారట. అంతవరకే చదివి, శనివారం కాలేజీ సభలో దీని మీద మాట్లాడతానని పేరిచ్చి వచ్చింది.

"తెలిసే ఇచ్చినావామే పేరు?" అన్నాను.

"తెలుసుకుందామనే ఇచ్చినానమ్మా. మొదట్నించి సెప్పే పుస్తకం ఒకటి దొరికితే సాలు."

నేను మూడో తరగతితో బడి మానినదాన్ని. అఆలకు పుస్తకం ఉన్నట్టు దీనికీ ఉంటుందనుకుని అమ్మాయితో పాటు ఆదోని బస్సెక్కాను.

పుస్తకాల అంగడాయన మమ్మల్ని ఎగాదిగా చూశాడు. "ఏ పరీక్షకమ్మా?"

"పరీక్షకు కాదన్నా, ఊరికే తెలుసుకోనీకి."

"పరీక్ష లేని సదువుకు పుస్తకం ఎవరేస్తారమ్మా? ఈ గైడు తీసుకోండి. అన్నీ ఉంటాయి."

నూలు రంగంటిన వేళ్ళతో అమ్మాయి గైడంతా తిరగేసింది. ఆ ఒక్కటీ లేదు. తిరిగిచ్చేసింది.

లైబ్రరీలో సైన్సు పుస్తకాలు అద్దాల బీరువాలో పెళ్ళిచీరల్లా మడత నలగకుండా ఉన్నాయి. లైబ్రరీ ఆయన తలకు కట్టు. దసరాకు దేవరగట్టు కర్రల సమరానికి పోయి తల పగలగొట్టుకున్నాడు. ఆ తొక్కిసలాటలోనే బీరువా తాళంచెవి పోయింది.

"తల మానుతాది లేమ్మా. తాళంచెవికి పైకి రాసినాం. అంతవరకు అద్దంలోంచి పేర్లు సదువుకోండి, ఎవరూ వద్దనరు."

ఇక కాలేజీ సారే దిక్కయ్యాడు. "ముందు పెద్ద లెక్కలు రావాలి. తర్వాత సాపేక్షత, ఆ తర్వాత క్వాంటం. అవన్నీ అయినాక ఇది మొదలు."

"అవన్నీ ఎప్పుడైతాయి సార్?"

"నాకే కాలేదు" అని ఆయన ధైర్యం చెప్పాడు.

ఇంటికొచ్చి అమ్మాయి మగ్గం పక్కన కూలబడింది. "పేరు కొట్టేయించుకుంటానమ్మా."

అప్పుడే మా అన్న వచ్చాడు. నేసిన గుడ్డల నాణ్యం చూడడం ఆయన పని. అలవాటుగా జేబులోంచి భూతద్దం తీసి, మగ్గం మీది గుడ్డకు ఆనించి పోగులు చూడసాగాడు. అమ్మాయి లేచి ఆయన చేతిలోంచి అద్దం లాక్కుని తానూ చూసింది.

"మామా, శనివారం దాకా ఇది నాకియ్యి."

శనివారం సభకు నేనూ పోయాను. అమ్మాయి ఆ అద్దాన్ని ముందు వరుసకిచ్చింది. "మీ అంగీలే సూడండి. దూరానికి నున్నగుంటాది, దగ్గరికి పోతే పోగులు, సందులు. ఖాళీ చోటు గూడా అట్లే ఉంటాదేమోనని వాళ్ళ అనుమానం. రుజువు కాలేదింకా."

సభ సభంతా తమ కాలర్లలో తలదూర్చింది. సారయితే అద్దం వదల్లేదు.

వెనక నుంచి ఎవరో అరిచారు. "ఆ సందుల్లో ఏముంటాది?"

"గుడ్డ సందులో గాలుంటాది. ఆ సందులో అయితే చోటు గూడా ఉండదంట. అదెట్లో సెప్పే పుస్తకమే నాకు యాడా దొరకల్యా!"

చప్పట్లు కొట్టారు. మొదటి బహుమతి దానికే ఇచ్చారు. బస్సులో కూర్చుని రంగు కాగితం విప్పితే, అంగట్లో మేం తిరిగిచ్చిన గైడే. మూలన దాని వేలి రంగు మరక అట్లే ఉంది.

అమ్మాయి ఆ మరక వైపే చూసి చూసి నవ్వింది.

"ఈసారి వాపసు తీసుకోడు లేమ్మా."