సర్వర్‌లో చీర కట్టిన నాన్న

లాక్‌డౌన్‌లో అమ్మ సిరిసిల్లలో చిక్కుకుపోయింది. సూరత్‌లోని గోడాదరా పేటలో నేనూ నాన్నా, ఆగిపోయిన సాంచాలూ (మరమగ్గాలు), అమ్ముడుపోని చీరలూ మిగిలాం. మా దగ్గర చీరలు కొనే సేఠ్‌కు వాటిని ఆన్‌లైన్‌లోనే చూపిద్దామని పాత కంప్యూటర్‌లో లినక్స్ వేసి, ఉచితంగా దొరికే సర్వర్ సాఫ్ట్‌వేర్ ఎక్కించాను.

ఫోటోలు ఏ ఫోల్డర్‌లో ఉన్నాయో సర్వర్‌కు దారి రాసివ్వాలి. ఏం రాసినా "నాట్ ఫౌండ్" అనే వచ్చింది. అవతల సేఠ్ ఫోన్ మీద ఫోన్ చేస్తున్నాడు. విసిగిపోయి దారి మార్చి రాస్తే, తెరమీద పసుపు చీర అంచు కనిపించింది! మిగతాది చూడకుండానే సంబరంగా లింకు పంపేశాను.

వెంటనే సేఠ్ ఫోన్. "అరే భాయ్, యే మూఛ్‌వాలీ మోడల్ కౌన్ హై?" ఈ మీసాల మోడల్ ఎవరంటూ ఒకటే నవ్వు.

లింకు తెరిచి చూసేసరికి నా పై ప్రాణాలు పైనే పోయాయి. వెలుతురు సరిపోతుందో లేదో చూడటానికి, నాన్నే ఆ చీర కట్టుకుని, మీసాలతో సహా నిలబడితే తీసిన ఫోటోలవి. నేను దారి ఇచ్చింది ఆ ఫోల్డర్‌కు!

భయపడుతూ నాన్నకు చూపించాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని తేరిపార చూశాడు.

"కుచ్చిళ్లు మంచిగనే వచ్చినయ్ గదరా! తియ్యకు, గట్లనే ఉండనియ్యి. సేఠ్ ఏ చీర అడిగిండు?"

పసుపుదే అడిగాడు.

ఇవాళ్టికీ ఎక్కడ సర్వర్ పెట్టినా, ముందు మా నాన్న ఏ ఫోల్డర్‌లో ఉన్నాడో చూసుకుంటాను.