ముడిమ్యాల ఒర్రెలో కొండగోగు పూలు

మార్చి నెలలో టీచరుకు సెలవు దొరకదు. ఏటా నేను పరీక్షల డ్యూటీలో ఉంటే, మా ఆయన యాదగిరి ఒక్కరే ముడిమ్యాలలోని అన్నగారింటికి వెళ్లి చింతపండు మూట తెచ్చేవారు. ఊరి వెనక తెల్లరాళ్ల ఒర్రె, అంటే చిన్న వాగు, ఉందని, ఆకులు రాలిన కొండగోగు చెట్టుకు అరచేయంత పచ్చటి పసుపు పూలు పూస్తాయని, వచ్చే ఏడు చూపిస్తానని ప్రతిసారీ అనేవారు. ఒకటి తేవచ్చు కదా అంటే నవ్వి ఊరుకునేవారు. తెచ్చేది మాత్రం మెహిదీపట్నం బస్టాపులో కొన్న మూరెడు మల్లెలు. "ఊరికి పోయి బజారు పూలు తెస్తరా?" అని దెప్పేదాన్ని. ఇంకో వింత, ఎన్నడూ మంచినీళ్ల గ్లాసు కడగని మనిషి ఆ ఒక్కరోజు తన టిఫిన్ డబ్బా తానే కడుక్కునేవారు.

పోయిన వానాకాలం ఆయన చనిపోయారు. ఈ ఏడు నేను రిటైరయ్యాను. ఇప్పుడు కావలసినంత సెలవు ఉంది, తోడు రావడానికి ఆయన లేరు. ఆ పూలు ఒక్కసారైనా చూడకపోతే మనసు ఊరుకోదనిపించి, మార్చి రెండో ఆదివారం డబ్బాలో పులిహోర పెట్టుకుని బయలుదేరాను.

ఆరూ నలభైకి మెహిదీపట్నంలో చేవెళ్ల బస్సు. కండక్టరు ఆధార్ చూసి, ఆడవాళ్లకు ఉచితంగా ఇచ్చే జీరో టికెట్ ఇచ్చాడు. గుడిమల్కాపూర్ మార్కెట్లో చామంతులు అమ్ముకుని వస్తున్న ఒకామె ఖాళీ బస్తాలతో నా పక్కన కూర్చుంది. ఎక్కడికని అడిగితే పూలు చూడటానికని చెప్పాను.

"మంచిగనే ఉన్నది. మేము పూలు అమ్మనీకి మీ దిక్కు వస్తున్నం, నువ్వు పూలకు మా దిక్కు వస్తున్నవ్" అంది. చాలా రోజుల తరువాత నవ్వాను.

ఏడున్నరకు మొయినాబాద్. అక్కడ ఆమె దిగిపోయింది, పక్క సీటు మళ్లీ ఖాళీ. రోడ్డుకు అటూ ఇటూ ఫామ్‌హౌస్ గోడలు, వెంచర్ల బోర్డులు, వాటి సందుల్లో బంతి తోటలు. ఎనిమిదింటికి చేవెళ్లలో దిగి ఇడ్లీ తిన్నాను. ముడిమ్యాలకు షేర్ ఆటో దొరికింది. బావగారింటికి వెళితే ఓదార్పులు మొదలవుతాయని, ఊరు దాటాకే దిగాను.

క్యారెట్ చేల గట్ల మీదుగా అరగంట నడిస్తే ఒర్రె వస్తుంది. వెళ్లేవాళ్లు నీళ్లు పట్టుకెళ్లండి, దారిలో దుకాణం లేదు. చెప్పులు కాదు, బూట్లు వేసుకోండి. ఒర్రె ఎండిపోయి ఉంది. రెండు పక్కలా సున్నపురాయి, మన ఇళ్లలో పరిచే షాబాదు బండలు దొంతర పెట్టినట్టు పొరలు పొరలుగా లేచింది. నెర్రెల్లో గడ్డిచామంతి, వెంపలి చెట్ల ఊదారంగు పూలు. "ఇటు చూడండి" అని పైకే అన్నాను. నా గొంతు రాళ్లకు తగిలి నాకే వినిపించింది. వెనక్కి వెళ్లిపోదామా అనిపించేంత ఒంటరితనం కమ్ముకుంది.

ఒర్రె మలుపు తిరిగాక, పదింటికి, చెట్టు కనబడింది. ఒక్క ఆకు లేదు. తెల్లరాళ్ల మధ్య బోడి కొమ్మల చివర పూలే పూలు. ఆయన కొంచెం కూడా ఎక్కువ చేసి చెప్పలేదు.

చెట్టు నీడ అన్నది లేకపోయినా దాని మొదట్లోనే ఒక అవ్వ కూర్చుని మేకలు కాస్తోంది. "ఎవ్వరింటోళ్లు బిడ్డా?" అని అడిగింది. యాదగిరి భార్యనన్నాను.

"టీచరమ్మవా? యాదగిరి ఏటా వస్తుండె. నేను కట్టెతోని కొమ్మ వంచితే, మా టీచరమ్మకు అనుకుంట రెండు పూలు తెంపి, టిఫిన్ డబ్బాల తడిగుడ్డేసి పెట్టుకపోతుండె. ఈ ఏడు రాలేదేంది?"

"పోయిన వానకాలం చనిపోయిన్రు అవ్వా" అన్నాను.

అవ్వ చేతిలోని కట్టె నేల మీద పెట్టింది. తరువాత, "పూలు నచ్చుతుండెనా నీకు?" అంది.

"మస్తు నచ్చుతుండె" అన్నాను. నేనాడిన అబద్ధానికి నాకే ఏడుపొచ్చింది. ఆమె కట్టె తీసుకుని లేచి కొమ్మ వంచింది. పులిహోర ఇద్దరం తిన్నాం. ఖాళీ డబ్బాలో జేబురుమాలు తడిపి వేసి, రెండు పూలు పెట్టుకున్నాను.

చేవెళ్లలో ఒంటిగంట బస్సు. మిట్టమధ్యాహ్నపు ఎండకు సీటు కాలిపోతోంది. మొయినాబాద్‌లో మూత తీసి చూశాను. రెండూ వాడిపోయి, రేకులు నల్లబడి గుడ్డకు అంటుకుపోయాయి. అక్కడ ఎక్కి పక్కన కూర్చున్నాయన "ఏం కూరనమ్మా, పాడైందా?" అని అడిగాడు. కాదన్నాను.

ఇన్నేళ్లూ ఆయన కూడా ఇక్కడే ఎక్కడో మూత తీసి చూసుకుని ఉంటారు. ఒర్రె అందం గురించి అడిగితే తప్పక వెళ్లమంటాను. నాకు మాత్రం తిరుగు ప్రయాణమే ఎక్కువ చూపించింది.

మెహిదీపట్నంలో దిగేసరికి రెండున్నర. పూలబండి ముందు ఆగాను. వానాకాలం నుంచి ఆ బండి పక్కగా తల తిప్పుకుని వెళుతున్నదాన్ని, మూరెడు మల్లెలు కొన్నాను. ఇంటికొచ్చి వాటిని ఆయన ఫొటోకు వేశాను. టిఫిన్ డబ్బా మాత్రం ఇంకా కడగలేదు.