తెర అంచున పడవ

గోదావరి మీద తీసిన ఆ సినిమా టీవీలో వచ్చిన రోజున మరిడమ్మ చేపల గంప దించి, కాళ్లు కడుక్కుని, టీవీకి దణ్ణం పెట్టుకుని మరీ కూర్చుంటుంది. అందులో పడవ నడిపింది ఆమె పెనిమిటి బుల్లియ్య. ఫొటోలన్నీ వరదలో కొట్టుకుపోయాక, చనిపోయిన మనిషి మిగిలింది అక్కడొక్కచోటే. సినిమాహాల్లో దాన్ని ఆమె చూడనేలేదు. ఇంట్లోనేమో బొమ్మ తెరనిండా సాగి, రెండు పక్కలా తెగిపోతుంది. పడవ ముక్కు కనిపిస్తుంది, మనిషి కనిపించడు. "ఇక్కడుంటాడండి మా ఆయన" అంటూ టీవీ పక్కన గోడ తడుముతుంది. ఈసారి పక్కింటి వేంకటేశ్వర్లు మాస్టారు వచ్చి, రిమోట్ తీసుకుని ఓపిగ్గా సరిచేశారు. పైనా కిందా నల్లటి పట్టీలు వచ్చి, పడవ మొత్తం కనిపించింది. బుల్లియ్య గెడ వేస్తూ అటు తిరిగి నిలబడి ఉన్నాడు. మరిడమ్మ రెండు చేతులూ జోడించింది.

"ఒక్కసారి ఇటు తిరగమనండి మాస్టారూ."